మాయమ్మకు కండ్లు పెట్టల్ల

మా కాలేజీలో చేరడానికి వచ్చిన వాళ్ళందరినీ నేను ఒకటే అడిగేదాన్ని, బొమ్మలు ఎందుకు నేర్చుకోవాలని. చాలామంది బట్టీ పట్టిన జవాబు అప్పజెప్పేవాళ్ళు. చిన్నప్పటినుంచీ ఆసక్తి అని కొందరు, డ్రాయింగ్ మాస్టరు ఉద్యోగం వస్తుందని కొందరు. ఉద్యోగమని చెప్పినవాళ్ళంటే నాకు కాస్త గౌరవం, నిజం చెప్పారు గదా. తొంభైల చివర్లో రామకుప్పం పక్కనుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆ రెండు జవాబుల్లో ఏదీ చెప్పలేదు. కుర్చీ అంచున కూర్చొని, ఒళ్ళో సంచి గట్టిగా పట్టుకొని, "మాయమ్మకు కండ్లు పెట్టల్ల మేడం," అంది.

నాకు అర్థం కాలేదు. మీ అమ్మకు చూపు లేకపోతే ఆస్పత్రికి తీసుకుపో, ఇక్కడికెందుకొచ్చావన్నాను. నా నోరు అంతే, ఆలోచన వచ్చేలోపల అది పని కానిచ్చేస్తుంది. ఆ అమ్మాయి నొచ్చుకోలేదు. సంచిలోంచి ఒక ఫోటో తీసి బల్లమీద పెట్టింది.

నలుపు తెలుపు ఫోటో. చెక్క కుర్చీలో ఒక ఆడమనిషి. మెడలో పూలదండ, నుదుట రూపాయి బిళ్ళ. నోరు తెరుచుకోకుండా గడ్డం కిందనుంచి నెత్తిమీదికి గుడ్డ కట్టారు. వెనకనుంచి ఎవరిదో చెయ్యి ఆమె భుజాన్ని పట్టుకొని ఉంది, ఆ మనిషి కనబడకుండా దుప్పటి అడ్డం పెట్టారు. కళ్ళు మూసి ఉన్నాయి. ప్రాణం పోయాక తీసిన ఫోటో అది.

ఆ రోజుల్లో మా పక్క పల్లెల్లో ఇది చాలా ఇళ్ళలో ఉన్నదే. బతికుండగా ఫోటో తీయించుకున్నవాళ్ళు తక్కువ. మనిషి పోయాక గాని ఒక్క ఫోటో కూడా లేదే అని ఎవరికీ తట్టేది కాదు. అప్పుడు కుప్పానికో పుంగనూరుకో ఎవరినో పరిగెత్తించి, స్టూడియో ఆయన్ను పిలిపించి, పాడె ఎక్కించేముందు కుర్చీలో కూర్చోబెట్టి తీయించేవాళ్ళు. ఆ తర్వాత బొమ్మలు వేసేవాళ్ళ చేత దాన్ని పెద్ద పటంగా వేయించి, మూసిన కళ్ళ చోట తెరిచిన కళ్ళు వేయించి గోడకు తగిలించేవాళ్ళు. దాన్నే 'కండ్లు పెట్టేది' అనేవాళ్ళు. ఎవరి కళ్ళు ఎలా ఉండేవో వేసేవాడికి ఏం తెలుసు? అందరికీ ఒకే అచ్చు. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఎన్ని ఇళ్ళలో చూశానో, ముసలాయనకూ, చిన్న కోడలికీ, పసిబిడ్డకూ అవే కళ్ళు, క్యాలెండరు దేవుళ్ళ కళ్ళు. నాకు ఆ పటాలంటే ఒళ్ళుమంట.

ఆ అమ్మాయి తన సంగతి కొద్ది మాటల్లో చెప్పింది. తను పాకే వయసులో తల్లి జ్వరంతో పోయింది. తల్లి ముఖం గుర్తులేదు, గొంతు గుర్తులేదు. ఉన్నది ఈ ఫోటో ఒక్కటే. తండ్రి ముందు కుప్పంలో ఒకసారి, తర్వాత ఇంకో ఊళ్ళో ఒకసారి కళ్ళు పెట్టించాడు. రెండుసార్లూ పటం చూసి, ఇది ఎవురో అని వెనక్కిచ్చేసి వచ్చాడు. ఇక ఆ మాటే ఎత్తలేదు. రెండో పెళ్ళి కూడా చేసుకోలేదు. అమ్మాయికి అర్థమైందల్లా ఒకటే. "ఎవురో వేస్తే ఎవురో అయితాది మేడం. నేను వేస్తే మాయమ్మ అయితాది."

నేను ఫోటో ఆమె వైపుకు తోశాను. ఇది స్టూడియో కాదు, ఇక్కడ ఉన్నది చూసి వేయడం నేర్పుతాం, లేనిది పుట్టించడం కాదన్నాను. ఆ అమ్మాయి ఫోటో తీసుకోలేదు, లేవనూ లేదు. నేనూ ఆ ఫోటో మీదినుంచి చూపు తిప్పుకోలేకపోయాను. మా అమ్మ మిషన్ ఆస్పత్రిలో నర్సు. ఆస్పత్రి వెనక క్వార్టర్సులోనే మేము పెరిగాం. వార్డులో ఎవరైనా పోతే కళ్ళు మూసేది మా అమ్మే. ఆ రోజు ఇంటికొచ్చి, చేతులు కడుక్కొని, ప్రార్థన చేసుకున్నాకే మాతో మాట్లాడేది. మూసేముందు ఒక క్షణం ఆ కళ్ళలోకి చూస్తాను, ఎవరో ఒకరు ఆఖరుసారి చూడాలి గదా అని ఒకసారి నాతో అంది. ఈ కుర్చీలో కూర్చున్నామె కళ్ళు ఎవరు మూశారో, మూసేముందు చూశారో లేదో అనిపించింది. దరఖాస్తు తీసుకొని, సోమవారం నుంచి రమ్మన్నాను.

కాలేజీ అంటే పెద్దగా ఊహించుకోకండి. మదనపల్లె టమోటా మార్కెట్టుకు పోయే దారిలో ఒక మేడమీద నాలుగు గదులు. కింద నూనె అంగడి. ఎండాకాలం వేరుశనగ నూనె వాసన, మా టర్పెంటైన్ వాసన కలిసి మెట్లమీదికే ఎదురొచ్చేవి. బల్లమీద పెట్టి చూసి వేయడానికి మాకు ఏడాది పొడుగునా టమోటాలే. వెల పడిపోయిన రోజుల్లో రైతులు రోడ్డు పక్కన పారబోసి పోయేవాళ్ళు, మా పిల్లలు బుట్టలో ఏరుకొచ్చేవాళ్ళు. పొద్దున బొమ్మ వేసిన టమోటాలు మధ్యాహ్నం పప్పులో పడేవి. వచ్చేవాళ్ళలో రైతుల పిల్లలు, నేతగాళ్ళ పిల్లలు, చర్చి వీధి పిల్లలు, ఇంట్లో పోరు పెట్టి వచ్చినవాళ్ళు, ఇంట్లో తరిమేస్తే వచ్చినవాళ్ళు, అందరూ ఉండేవాళ్ళు.

నేను పిల్లల్ని తిట్టేదాన్ని. చేతిలో పాత గుడ్డ ఒకటి పెట్టుకొని తిరుగుతూ, చూడకుండా గీసిన గీత కనిపిస్తే అడక్కుండా తుడిచేసేదాన్ని. నీకు తెలిసిన ముక్కు వేయొద్దు, ఎదురుగా ఉన్న ముక్కు వెయ్యి అని రోజూ అరిచేదాన్ని. ముఖం వేసేటప్పుడు ముందు ఒక అడ్డగీత గీయించేదాన్ని, రెండు కళ్ళూ ఆ గీత మీద సమంగా కూర్చోవాలి. రెండు కళ్ళ మధ్య ఇంకో కన్నంత ఎడం. ఇవి నాకు మా గురువు చెప్పిన లెక్కలు, ఆయనకు ఆయన గురువు చెప్పినవి. రామకుప్పం అమ్మాయి బొమ్మలో మాత్రం గుడ్డ పెట్టే అవసరం పెద్దగా వచ్చేది కాదు. చెయ్యి మొదట మొరటుగా ఉండేది, రాగులు విసిరిన చెయ్యి. కానీ చూపు నిలకడ. ఒక టమోటా ముందు అరపూట కూర్చోమంటే కూర్చునేది.

ఒకసారి పిల్లల్ని పుంగనూరు సంతకు తీసుకుపోయాను. ఆవుల్ని, బండ్లను, జనాన్ని గబగబా గీయడం నేర్చుకోవాలని. అందరూ పొట్టి ఆవుల చుట్టూ మూగితే ఈ అమ్మాయి మాత్రం కాయగూరలమ్మే ఆడవాళ్ళ ఎదురుగా గొంతుక్కూర్చొని ఒట్టి కళ్ళు మాత్రమే వేస్తోంది. పేజీ నిండా కళ్ళే. వంకాయలమ్మే ఒకామె చాలాసేపు ఓర్చుకొని, యాల అట్ల సూస్తాండావు, దిష్టి పెడతాండావా అని తగులుకుంది. నేను అడ్డంపోయి రెండు కిలోల వంకాయలు కొని సర్దిచెప్పాల్సి వచ్చింది. తిరుగు బస్సులో పిల్లలు ఆ అమ్మాయిని ఆటపట్టిస్తూనే ఉన్నారు. ఆమె నవ్వి ఊరుకుంది. నా పక్క సీటుకు వచ్చి, మేడం, కండ్లు అన్నీ వేరేవేరేగా ఉండాయి, మాయమ్మవి యాటివో ఎట్ల తెలుస్తాది అని అడిగింది. తెలియదని ఒప్పుకోవడం ఇష్టంలేక, బస్సు కుదుపుతోంది తర్వాత మాట్లాడదాం అన్నాను.

మూడో ఏడాది వచ్చింది. ఆఖరి ఏడాది ఎవరికి వాళ్ళు ఒక పెద్ద పటం వేయాలి. ఏం వేస్తావని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కాన్వాసు బిగించుకొని, ఫోటో పక్కన పెట్టుకొని మొదలుపెట్టింది. గడ్డం కట్టు తీసేసి దవడను బతికున్నప్పుడు ఉండేటట్లు పైకి తెచ్చింది. బుగ్గకు నిండు తెచ్చింది. మూసిన రెప్ప ఉబ్బునుబట్టి కంటిగుడ్డు ఎంత పెద్దదో అంచనా కట్టింది. జుట్టు, చెవి కమ్మ, ముక్కుపుడక, భుజాన చీర ముడత, అన్నీ అయ్యాయి. కళ్ళ చోటు మాత్రం ఖాళీగా ఉండిపోయింది. గదిలోకి వచ్చినప్పుడల్లా ఆ ఖాళీ ముఖం చూసి నాకు మనసు ఎట్లానో అయ్యేది. ఆ మూల వైపు పోకుండా పక్కనుంచి తిరిగిపోయేదాన్ని.

తండ్రిని అడగరాదా అన్నాను. అడిగిందట, చిన్నప్పటినుంచీ అడుగుతూనే ఉందట. ఆయన ఎప్పుడూ ఒకే మాట, బాగుండేవి. ఊళ్ళో వాళ్ళను అడిగితే, మహాతల్లి, మంచి మనిషి అని మాట మార్చేవాళ్ళు. పోయినవాళ్ళ గురించి మంచి తప్ప ఇంకేమీ చెప్పరు గదా. ఇక మిగిలింది తల్లి పుట్టిల్లు. చౌడేపల్లె దగ్గర ఒక పల్లెలో అవ్వ ఉంది, తల్లిని కన్నతల్లి. ఆమె తన బిడ్డ పోయిననాటి నుంచీ అల్లుడి గడప తొక్కలేదు. ఎందుకో అమ్మాయికి తెలియదు. ఏటికొకసారి తనే అవ్వ దగ్గరికి పోయి చూసి వచ్చేది. ఈసారి నేనూ వస్తానన్నాను.

పుంగనూరులో బస్సు దిగి ఆటోలో పోయాం. అవ్వ కొట్టంలో పాలు పితుకుతోంది. మనవరాల్ని చూసి ముఖం విప్పారింది, నన్ను చూసి మేడమ్మా అని చాప వేసింది. మజ్జిగ ఇచ్చింది. అమ్మాయి అమ్మ కళ్ళ మాట ఎత్తగానే మళ్ళీ పోయి ఆవు దగ్గర కూర్చుంది. "నీ కండ్లే పాపా. అద్దంలో సూసుకో, అవే," అంది, పొదుగు వైపే చూస్తూ. పెద్దవా చిన్నవా, రెప్పలు ఎట్లుండేవి, కనుగుడ్లు నల్లనా గోధుమరంగా అని నేను గుచ్చి గుచ్చి అడిగాను. అన్నిటికీ అదే, పాపవే, పాపవే. మరీ తొందరగా చెప్పినట్లు నాకు తోచింది. కానీ కడుపుకోత ఉన్న మనిషి, ఆ మాట ఎక్కువసేపు మాట్లాడలేకపోతోంది అనుకున్నాను.

తిరిగొచ్చి అమ్మాయి అద్దం ముందు పెట్టుకొని కళ్ళు వేసింది. నేను నేర్పిన అడ్డగీత, నేను నేర్పిన ఎడం. చివరగా రెండు కనుగుడ్లలోనూ చిన్న తెల్లచుక్క పెట్టగానే పటంలో మనిషి మా వైపు చూసింది. క్లాసులో పిల్లలు పని ఆపేసి లేచి వచ్చారు. నేను తిట్టడానికి ఏమీ వెతకలేదు. నా దగ్గర చదువుకున్నవాళ్ళ చేతి పని చూసి నాకు గర్వం కలిగిన రోజులు చాలా లేవు, అది ఒకటి.

పటం తీసుకొని ఇద్దరం వాళ్ళ ఊరికి బయల్దేరాం. పాత చీరలో చుట్టి, అమ్మాయి ఒళ్ళో పెట్టుకుంది. పలమనేరు దాటాక కండక్టరు వచ్చి, అది పైన పెట్టల్ల, ఏముంది అందులో అని చెయ్యి వేశాడు. మాయమ్మ అంది అమ్మాయి. ఆయన చెయ్యి తీసేసి ముందుకు పోయాడు. కుప్పంలో బస్సు మారి రామకుప్పం చేరేసరికి పొద్దు వాలుతోంది. ఊరి బయట రాగి చేలు పడుకొని ఉన్నాయి, ముందురోజు అడవిలోంచి ఏనుగులు దిగి తొక్కేశాయట. వాళ్ళ నాయన చేను కూడా అందులో ఉంది. ఆయన మేము వస్తున్నామని తెలిసి చేలోంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, తువ్వాలతో ముఖం తుడుచుకొని నిలబడ్డాడు. పొడుగు మనిషి, మాట తక్కువ. చేను పోయిందని ఒక్క మాట అనలేదు.

అమ్మాయి చీర విప్పి పటం గోడకు ఆనించింది. ఆయన చూశాడు. దగ్గరికి వచ్చి చూశాడు, వెనక్కి జరిగి చూశాడు. ముక్కుపుడక దగ్గరా, చీర ముడత దగ్గరా ఆయన ముఖం మెత్తబడింది. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి చూపు ఆగిపోయింది. "బాగుండాది మా," అన్నాడు. తువ్వాల భుజాన వేసుకొని కొట్టంలోకి పోయాడు.

అమ్మాయి అక్కడే కూలబడింది. ఏడవలేదు. మూడేళ్ళు పని చేసిన చేతుల్ని ఒళ్ళో పెట్టుకొని వాటివైపే చూస్తూ కూర్చుంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ముక్కూ ముఖం తెలియని మనిషి ఇంట్లో ఉన్నానని కూడా చూసుకోలేదు. తిన్నగా కొట్టంలోకి పోయి ఆయన్ను నిలేశాను. మీ బిడ్డ దీనికోసమే బతికింది, స్టూడియో వాళ్ళకు వెనక్కిచ్చినట్లు దీన్నీ ఇచ్చేస్తారా, ఏం తక్కువైందో నోరు తెరిచి చెప్పండి అన్నాను. ఆయన ఎద్దుకు మేత వేస్తూ వేస్తూ ఆగాడు. కోప్పడతాడేమో అనుకున్నాను.

"ఈయమ్మ నన్నే సూస్తాండాదమ్మా," అన్నాడు.

చూడొద్దా మరి అన్నాను.

"ఆయమ్మ నన్ను సూస్తే వాకిలి పక్క సూసినట్లుండేది."

నాకు వెంటనే అందలేదు. ఆయన మేత కింద పడేసి, రెండు వేళ్ళు తన కళ్ళ ముందు పెట్టుకొని, ఒక వేలు నావైపు ఉంచి, ఎడమ వేలు మెల్లగా పక్కకు తిప్పాడు. మెల్లకన్ను.

తర్వాత ఆయన చాలా చెప్పాడు. అంత మాట్లాడగల మనిషని నేను అనుకోలేదు. చూపులకు పోయినప్పుడు అవ్వ వాళ్ళు పిల్లను చీకటి గదిలో, తల వంచి కూర్చోబెట్టారట. తల ఎత్తనీయలేదు. అందరూ తాంబూలాల మాటల్లో ఉండగా ఈయన నీళ్ళు అడిగాడు. ఆమే చెంబు తెచ్చి ఇచ్చి, ఒక్కసారి తలెత్తి చూసింది. ఆమె తనను చూస్తోందో, తన వెనక ఎవరైనా ఉన్నారో తెలియక ఈయన వెనక్కి తిరిగాడు. వెనక ఎవరూ లేరు. ఆమెకు నవ్వొచ్చింది. ఈయనకూ వచ్చింది. "ఆ పొద్దే ఒప్పుకున్న్యాను," అన్నాడు.

పెళ్ళయ్యాక అది వాళ్ళిద్దరి మధ్య ఆటైంది. ఆమె తనవైపు చూసినప్పుడల్లా, ఎవురొచ్చినారు అని అడిగి వాకిలి వైపు తిరిగేవాడు. ఆమె నగేది. ఊళ్ళో ఎవడో ఆమెను మెల్లకన్నామె అన్నందుకు ఈయన వాణ్ణి రచ్చకట్ట దగ్గర పడేసి తన్నాడు. అప్పట్నుంచీ ఆ మాట ఆ ఊళ్ళో ఎవరి నోటా రాలేదు. మరి కన్నబిడ్డ అన్నిసార్లు అడిగితే ఎందుకు చెప్పలేదంటే, ఆయన నావైపు తెల్లబోయి చూశాడు. ఆ పేరు పెడితే అది ఒక తప్పు మాదిరి అవుతుందట. ఆయన కళ్ళకు అది తప్పు కాదు. బాగుండేవి అని చెప్పాను గదా అన్నాడు.

అత్తగారు వాళ్ళు దాచారని మీకు తెలుసునని వాళ్ళకు తెలుసా అని అడిగాను. "తెల్సునని సెప్తే వాళ్ళు మొగం యాడ పెట్టుకుంటారమ్మా? ఊరికే ఉండిపోయినాను," అన్నాడు.

వెనక చప్పుడైతే తిరిగి చూశాను. అమ్మాయి కాఫీ గ్లాసులతో కొట్టం గోడ పక్కన నిలబడి ఉంది. ఎంతసేపటినుంచో ఉన్నట్లుంది, కాఫీ మీద మీగడ కట్టింది. తండ్రి వైపు చూడలేదు. గ్లాసులు గట్టుమీద పెట్టి, నన్ను అడిగింది, "ఏ కన్ను మేడం?" ఎడమది అన్నాను. తల ఊపింది. ఆ తర్వాత లోపలికి పోయి పటాన్ని మళ్ళీ చీరలో చుట్టింది.

మర్నాడు తిరుగు దారిలో, పుంగనూరులో దిగి అవ్వ దగ్గరికి పోదాం అంది. అవ్వ మమ్మల్ని, చీర చుట్టిన పటాన్ని చూసి లేచి నిలబడింది. చాప వేయడం మరిచిపోయింది. అమ్మాయి పేచీ పెట్టుకోలేదు, ఎందుకు దాచావని అడగలేదు. నాయనకు చూపులనాడే తెలుసంట అవ్వా అని మాత్రం చెప్పింది. చెంబు సంగతి, వెనక్కి తిరిగిన సంగతి చెప్పింది. అవ్వ వింటూ వింటూ గోడకు ఆనుకొని జారి కూర్చుంది. ఆమె మాటల్ని బట్టి నాకు అర్థమైంది ఇది. బిడ్డను అంటగట్టామని ఆ ముసలామె పెళ్ళినాటి నుంచీ లోలోపల కుమిలింది. అల్లుడు పల్లెత్తు మాట అనకపోవడమే ఆమెకు పెద్ద శిక్షైంది. అంత కోపం ఉంది కాబట్టే అనడం లేదనుకుంది. బిడ్డ పోయినప్పుడు కూడా వీధి చివర నిలబడే శవాన్ని చూసి వచ్చేసింది. మనవరాలు వచ్చి అడిగితే నీ కండ్లే అని చెప్పింది, నిజం చెప్తే అల్లుడికి ఆ సంగతి గుర్తు చేసినట్లవుతుందని.

"అయితే ఆయప్పకు మా మీద కోపం లేదా?" అని అడిగింది. లేదవ్వా అంది అమ్మాయి. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు కన్నీళ్ళు ఆగలేదు, మామూలుగా అవి అంత తొందరగా వచ్చేవి కావు.

ఒక కన్ను తిప్పడమే గదా అనుకుంటారు. అంత కష్టమైన పని ఆ అమ్మాయి అంతకుముందు చెయ్యలేదు. కత్తి అంచుతో ఎడమ కనుగుడ్డును గీకేసింది. కొంచెం తిప్పితే వేసినవాళ్ళ చెయ్యి తప్పినట్లుంది, ఎక్కువ తిప్పితే ఎగతాళి చేసినట్లుంది. క్లాసులో పిల్లలు తెలియక, కన్ను తప్పింది సరిచెయ్యి అనేవాళ్ళు. చేసింది చెరిపి మళ్ళీ చేసేది. వేసిన ప్రతిసారీ పటాన్ని గోడకు తగిలించి, ముందు నిలబడి, ఎవరో పిలిచినట్లు వెనక్కి తిరిగి చూసేది. తిరగబుద్ధి కాకపోతే మళ్ళీ గీకేసేది. నేను గుడ్డ పట్టుకొని ఆ వైపు పోలేదు. నా దగ్గర దానికి లెక్క లేదు, ఆమెకు నేర్పగలిగింది అయిపోయింది. ఒకరోజు నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. పటంలో మనిషి ఒక కన్నుతో ఎదురుగా ఉన్న బిడ్డను చూస్తోంది, ఒక కన్నుతో నన్ను చూస్తోంది. ఇంక ముట్టుకోవద్దు అన్నాను.

ఈసారి ముగ్గురం పోయాం. అవ్వ చౌడేపల్లె నుంచి పుంగనూరుకు వచ్చి బస్సు ఎక్కింది. కొత్త చీర కట్టుకుంది. దారి పొడుగునా ఒకచేత్తో ముందు సీటు కమ్మీ పట్టుకొని కూర్చుంది. ఊళ్ళో దిగాక మా వెనక వెనకే నడిచింది. ఇల్లు వచ్చేసరికి ఇంకా వెనకబడింది.

అమ్మాయి ఎక్కడ తగిలించాలో ముందే అనుకుంది. ఇంట్లోకి రాగానే ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా, గోడకు మేకు కొట్టింది. తండ్రి వచ్చి పటం ముందు నిలబడ్డాడు. వాకిలి ఆయన వెనక, కుడిపక్కన ఉంది. ఆయన చాలాసేపు చూశాడు. నేను ఆయన ముఖం చూడలేక ఆయన చేతుల వైపు చూస్తూ నిలబడ్డాను. తువ్వాల కొసను వేళ్ళకు చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు. తర్వాత ఆయన, పక్కనున్న మనిషితో అన్నట్లు, మెల్లగా అడిగాడు.

"ఎవురొచ్చినారు?"

అడిగి, వెనక్కి తిరిగాడు. వాకిట్లో ముసలామె నిలబడి ఉంది. గడపకు అవతలే, ఒక చెయ్యి తలుపుచెక్క మీద పెట్టి, లోపలికి రావాలో వద్దో తెలియక. ఆయన ఆమెను చూశాడు. పటం వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు చూశాడు.

"రా అత్తా," అన్నాడు. "నీ బిడ్డ నిన్నే సూస్తాండాది."

అవ్వ గడప దాటి లోపలికి వచ్చింది.